గూడబాతు ఏదీ? సెలవుల ఫోటోల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం మా వీధిలో ఎవరి ఫోను తెరిచినా ఒకే రకం ఫోటో కనబడుతుంది. ముప్పాతిక భాగం ఆకాశం, కింద సన్నటి గీతలాగా నీళ్లు, ఆ గీత మీద ఇడ్లీ రవ్వ చల్లినట్టు తెల్లటి నలుసులు. "అవే గూడబాతులు (పెలికాన్లు)" అని వేలు పెట్టి చూపించాలి. చూసేవాళ్లు ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని "ఏదీ? యాడుందీ?" అని వెతుక్కోవాలి. పన్నెండేళ్లుగా ఏటా మా వాళ్లనీ, పక్కింటివాళ్లనీ, వాళ్ల పిల్లల్నీ వెంటబెట్టుకుని నేలపట్టుకో, పులికాట్‌కో, నల్లమలకో పోయొస్తున్నాను. తిరిగొచ్చాక అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. జవాబులు ఒకచోట రాసిపెడితే వచ్చే సీజన్‌కు పనికొస్తాయి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేషనల్ పార్కు ఉందా?

లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ పార్కులు మూడు: గోదావరి వైపు పాపికొండ, తిరుమల శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర, కడప జిల్లాలో రాజీవ్ గాంధీ. మన వైపు ఉన్నవి అభయారణ్యాలు. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు, పెంచలకోన చుట్టూ శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం, దోర్నాల దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, మా నోటికి అది ఇంకా నెల్లూరు జిల్లా నేలపట్టే. పేరు ఏదైనా, ఫోటోలు చెడే తీరు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

కంటికి అంత బాగా కనిపించిన పక్షి ఫోటోలో చుక్కలాగా ఎందుకు పడుతుంది?

అందరూ మొదట అడిగేది ఇదే, అందరికీ బాధ కలిగించేదీ ఇదే. కాబట్టి లెక్క వేసి చెబుతాను.

గూడబాతు మన దగ్గర కనబడే పెద్ద పక్షుల్లో ఒకటి. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 1.5 మీటర్లు ఉంటుంది. నేలపట్టు చెరువులో నీళ్ల మధ్య నిలబడి ఉండే చెట్ల మీద గూళ్లు కట్టుకుంటుంది. మీరు గట్టు మీద, ఆ చెట్టు 150 మీటర్ల దూరంలో ఉందనుకోండి. మామూలు ఫోను కెమెరాకు చూపు చాలా వెడల్పు. అంత దూరంలో ఒక్క ఫ్రేములో 200 మీటర్ల వెడల్పుకు పైగా పడుతుంది. ఆ 200 మీటర్లలో మీ పక్షి ఒకటిన్నర మీటరు. ఫోటో వెడల్పు 4,000 పిక్సెళ్లయితే పక్షి వాటాకు వచ్చేది ముప్పై. ముప్పై చుక్కల్లో ముక్కూ, సంచీ, రెక్కలూ, కన్నూ అన్నీ ఇమడాలంటే ఎట్లా ఇముడుతాయి?

మన కన్ను పనిచేసే తీరు వేరు. మనసు దేన్ని పట్టుకుంటే దాన్నే చూస్తుంది, చుట్టూ ఉన్న ఖాళీని పక్కకు నెట్టేస్తుంది. ఫోనుకు ఏది ముఖ్యమో తెలియదు. కనబడినదంతా సమానంగా పంచిపెడుతుంది. అందుకే నేలపట్టు నుంచి తెచ్చుకున్న చుక్కల ఫోటోకు మీరు సిగ్గుపడాల్సిన పనిలేదు. తప్పు మీ చేతిది కాదు, దూరానిది.

జూమ్ చేస్తే?

ఫోనులో వేళ్లతో లాగే జూమ్ చాలావరకు ఉన్న బొమ్మలో ఒక ముక్క కోసి పెద్దది చేయడమే. ముప్పై చుక్కలు ముప్పై చుక్కలే, కాకపోతే ఒక్కో చుక్క చపాతీ అంత అవుతుంది. విడిగా టెలిఫోటో లెన్సు (దూరపువాటిని దగ్గరగా చూపేది) ఉన్న ఫోనైతే, ఆ లెన్సు ఎన్ని రెట్లదో అంతవరకు నిజంగానే లాభం. ఆ పైన లాగకండి.

మరి ఫోనుతో పక్షిని తీసే దారే లేదా?

ఉంది. బైనాక్యులర్స్. ఈ ఒక్క ఉపాయం నేర్చుకున్నాక మా పిల్లలు ఇక చుక్కల ఫోటో తీయలేదు.

బైనాక్యులర్స్‌ను వాచ్‌టవర్ పిట్టగోడ మీద గట్టిగా ఆనించండి. కింద మడిచిన తువ్వాలు వేస్తే ఇంకా కదలదు. ముందు మీ కంటితో చూసి పక్షి స్పష్టంగా వచ్చేదాకా తిప్పండి. తర్వాత కన్ను తీసి, అదే చోట ఫోను కెమెరా పెట్టండి. మొదట తెర అంతా నల్లగా ఉంటుంది. భయపడొద్దు. ఫోనును జొన్నగింజంత అటూ ఇటూ జరుపుతుంటే నల్లటి మధ్యలో ఒక గుండ్రటి వెలుగు తెరుచుకుంటుంది, అందులో గూడబాతు ప్రత్యక్షమవుతుంది. మొదటిసారి మా తోడికోడలు చేతిలో అది తెరుచుకున్నప్పుడు ఒక పిల్ల పక్షి, తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి తల మొత్తం దూర్చి మేత తింటోంది. "అక్కా, దాన్ని మింగేస్తోందే!" అని ఆమె అరిచిన అరుపుకు ఫోను కదిలిపోయి ఆకాశం పడింది. ఆ తర్వాతి ఫోటోలో పడింది. గుండ్రంగా, అంచుల్లో నల్లగా, పాత పెళ్లి ఆల్బమ్‌లో బొమ్మలాగా ఉంటుంది. మా ఇంట్లో గోడకు తగిలించిన పక్షి ఫోటో అదొక్కటే.

8×42 అని రాసి ఉన్న బైనాక్యులర్స్ ఈ పనికి చక్కగా సరిపోతాయి. అందులో 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుందని, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. అద్దం పెద్దదైతే తెల్లారగట్ల వెలుతురు తక్కువున్నా బొమ్మ కనబడుతుంది.

ఫ్లెమింగోలు గులాబీ రంగు అన్నారు. మా ఫోటోల్లో బూడిద రంగు కొంగల్లాగా ఉన్నాయేం?

కారణాలు మూడున్నాయి, మూడూ కలిసే ఉండొచ్చు.

మొదటిది వయసు. ఫ్లెమింగో గులాబీ రంగుతో పుట్టదు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి. అవి తినే నాచులో, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల్లో కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలుంటాయి, అవి ఈకల్లోకి చేరాలి. దానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి మీరు తీసినవి చదువుకునే వయసు పిల్లలై ఉండొచ్చు.

రెండోది, పులికాట్‌కు ఎక్కువగా వచ్చే పెద్ద ఫ్లెమింగో ఒళ్లు దాదాపు తెలుపు. అసలు రంగంతా రెక్కల్లో దాచుకుంటుంది. రెక్క విప్పితేనే ఎరుపూ గులాబీ కలిసిన ఆ పట్టీ, దాని అంచున నలుపు కనబడతాయి.

మూడోది మీరు వెళ్లిన వేళ. పొద్దున టిఫిన్లు చేసి, పిల్లలకు జడలు వేసి, దారిలో గుడి చూసుకుని, సూళ్లూరుపేట చేరేసరికి పదకొండు. అప్పటికి పులికాట్ బురద నేల వేడెక్కి గాలి వణుకుతుంటుంది. ఎండమావి అంటామే, అదే. ఆ గాలిలోంచి తీస్తే ఫ్లెమింగో కాళ్లు దారాల్లాగా వంకర్లు తిరిగి, ఒళ్లు నీళ్ల మీద తేలిపోతున్నట్టు పడుతుంది. ఎన్ని లక్షలు పెట్టి కెమెరా కొన్నా ఆ వణుకును ఆపలేదు.

రెక్కల్లో రంగు ఉందంటున్నారు కదా, చప్పట్లు కొట్టి లేపితే మంచి ఫోటో వస్తుంది కదా?

వద్దు. దయచేసి వద్దు. ఈ జవాబు కోసమే మిగతావన్నీ రాశానని అనుకోండి.

ఒక ఏడాది పులికాట్ రోడ్డు మీద మా పక్కనే బండి దిగిన ఒకాయన, చేత్తో రాయి తీసుకుని నీళ్లలోకి విసిరాడు. రెండు మూడు వందల ఫ్లెమింగోలు ఒక్కసారి లేచాయి. నిజమే, ఆకాశమంతా కుంకుమ చల్లినట్టయింది. ఆయన ఫోను తీసి గురి చూసేలోపు గుంపు దూరం పోయింది. ఆయనకు దక్కింది ఖాళీ నీళ్ల ఫోటో. మా చిన్నోడు నా కొంగు పట్టుకుని "అమ్మా, అవి అన్నం తింటా ఉన్నాయి కదా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అవి నిజంగా తింటూనే ఉన్నాయి. ఫ్లెమింగో తల కిందులు చేసి, ముక్కుతో బురదనీళ్లు వడకట్టుకుని, అందులో దొరికిన సన్నటి మేతతో కడుపు నింపుకుంటుంది. గంటలకొద్దీ చేస్తే గానీ నిండదు. రోజుకు పది బండ్లు ఆగి పదిసార్లు లేపితే దాని కడుపు ఎప్పుడు నిండాలి?

నేలపట్టులో ఇంకా ఘోరం. అక్కడివి గూళ్లు. గూడబాతు గుడ్ల మీద నుంచి లేస్తే గుడ్లు ఎండకు మాడతాయి, కాకి వచ్చి ఎత్తుకుపోతుంది. నేలపట్టు ఊరివాళ్లు ఈ పక్షుల్ని తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. 1976లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. మనం పోయేది వాళ్లు కాపాడిన పురిటింటికి. పురిటింట్లో ఎట్లా ఉంటామో అట్లాగే ఉండాలి.

చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో జంతువుల్నీ పక్షుల్నీ వేధించడం, చెత్త వేయడం నేరం.

ఎగిరే ఫోటో కావాలంటే కూర్చోండి. ఊరికే కూర్చోండి. మేత మార్చుకునేటప్పుడు, పొద్దు వాలేటప్పుడు అవే లేస్తాయి. లేచే ముందు గుంపంతా మెడలు నిటారుగా ఎత్తి ఒకే వైపు నడవడం మొదలుపెడుతుంది. అది చూడగానే ఫోను ఎత్తి బటన్ మీద వేలు తీయకుండా నొక్కి పట్టండి. కొన్ని ఫోన్లు అట్లా పడితే వరసగా ఇరవై ముప్పై ఫోటోలు తీస్తాయి. అందులో ఒకటి మీది.

పులికాట్ రోడ్డు మీద ఏ పక్కన తీయాలి?

ఉత్తరం పక్క. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును పడమర నుంచి తూర్పుకు కోసుకుంటూ పోతుంది, నీళ్లు రెండు పక్కలా ఉంటాయి. పక్షులు వచ్చే చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. కాబట్టి దక్షిణం పక్క పక్షులు ఎదురెండలో నల్లటి బొమ్మల్లాగా పడతాయి. ఉత్తరం వైపు తిరిగితే ఎండ మీ వీపు మీద, వెలుగు పక్షి మీద. అంటే పోయేటప్పుడు ఎడమ చేతి పక్క.

బండి రోడ్డు దించి ఆపండి, అది రద్దీ రోడ్డు. ఇస్రో చెక్‌పోస్టు కనబడగానే ఫోను లోపల పెట్టేయండి.

మా మామయ్య ముఖం నల్లగా, వెనకాల చెరువు ట్యూబ్‌లైటులా తెల్లగా పడింది. బాగుచేయొచ్చా?

ఆ ఫోటోను కొంతవరకే. మళ్లీ తీసేటప్పుడు తెర మీద మామయ్య ముఖం ఉన్నచోట వేలితో ఒకసారి నొక్కండి, ఫోను ఆయన ముఖానికి తగ్గట్టు వెలుతురు సరిచేసుకుంటుంది. తెల్ల పక్షికి దీనికి తిరగేసి చేయాలి. నల్లటి నీళ్ల మీద తెల్లటి గూడబాతు ఉంటే ఫోను మొత్తం చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. అప్పుడు పక్షి ఈకలు లేని తెల్ల సంచిలా తయారవుతుంది. పక్షి మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి. ఈకలు ఒక్కొక్కటిగా తేలతాయి.

కంభం చెరువు మొత్తం పట్టాలని పనోరమా తీస్తే మా పాపకు మూడు కాళ్లొచ్చాయి!

పనోరమా అంటే ఫోను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సన్నటి ముక్కలుగా తీసి కుట్టుకుంటూ పోవడం. మీరు ఎడమ నుంచి కుడికి తిప్పుతుంటే పాప కూడా అదే దారిన పరిగెత్తింది, కుట్టులో ఇంకో కాలు కలిసింది. కంభం చెరువు గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టింది, కట్టించింది వరదరాజమ్మ అని చెప్పుకుంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఒక్క ఫ్రేములో పట్టేది కాదు, పట్టాల్సిన అవసరమూ లేదు. కట్ట మీద పాపను నిలబెట్టి, ఆమె వెనక నీళ్లు కొండల దాకా పోయేట్టు నిలువుగా ఒక ఫోటో తీయండి. పాప ఎంత చిన్నదో చూస్తే చెరువు ఎంత పెద్దదో తెలుస్తుంది.

పోర్ట్రెయిట్ మోడ్?

మనుషులకు బాగుంటుంది. పక్షికి వద్దు, ముక్కును కూడా వెనకాల మసకలో కలిపేస్తుంది.

తుమ్మలబైలు సఫారీలో పులి ఫోటో దొరుకుతుందా?

దొరుకుతుందనే ఆశతోనే జీపు ఎక్కుతాం, ఆ ఆశ బాగుంటుంది కూడా. దోర్నాల-శ్రీశైలం దారిలో ఉండే తుమ్మలబైలు, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యంలో భాగం. అంత అడవిలో పులి మనకు కనబడాలని ఏముంది? దానికి మనం మాత్రం చాలాసార్లు కనబడే ఉంటాం.

అక్కడ మేము తీసినవన్నీ వరసగా చెబుతాను: జీపు ఇనప కడ్డీ, ముందు సీట్లో మా బావ చెవి, దుప్పి వెనక భాగం, ఇంకో దుప్పి వెనక భాగం, దుమ్ము, పులి అనుకుని ఊపిరి బిగబట్టి తీసిన ఎర్రమట్టి పుట్ట. ఆ పుట్ట ఫోటోలు పదిహేడు ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైనవి. పదిహేడూ వరసగా తిప్పుతుంటే జీపులో అందరం ఎట్లా నిశ్శబ్దమైపోయామో మళ్లీ తెలుస్తుంది.

చెడిపోవడానికి కారణం కుదుపు. ఇంజను నడుస్తున్నంతసేపు జీపంతా వణుకుతుంది, అడవిలో నీడ కాబట్టి కెమెరా రెప్ప ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ రెండూ కలిసి బొమ్మ అలుక్కుపోతుంది. డ్రైవరన్నను "అన్నా, ఒక్క నిమిషం ఇంజను ఆపుతారా?" అని మర్యాదగా అడగండి. మోచేతులు ఒడిలో ఆనించుకోండి, కడ్డీకి ఆనించకండి. దుప్పి తల ఎత్తి మిమ్మల్ని చూసేదాకా ఆగండి. అది తప్పకుండా ఒకసారి చూస్తుంది.

పులిని తీయడం అటవీశాఖ వాళ్లు చేసే పని. దారికి రెండు పక్కలా చెట్లకు కెమెరాలు కట్టి పెడతారు. పులి మధ్యలోంచి నడిస్తే రెండు పక్కల చారలూ పడతాయి. మన వేలిముద్రల్లాగా ఏ పులి చారలు దానివే, వాటిని బట్టే లెక్కపెడతారు. ఆ ఫోటోల్లోనూ తోక ఒక్కటే పడినవి, మీసాలు మాత్రమే పడినవి ఉంటాయి.

దారిలో కోతులకు అరటిపండు ఇస్తూ ఫోటో తీసుకోవచ్చా?

వద్దు. తిండికి అలవాటుపడి అవి రోడ్డు మీదే కాపు కాస్తాయి, బండ్ల కింద పడతాయి. పెద్దకోతి అరటిపండుతో ఆగదు, ఫోను కూడా తీసుకుంటుంది.

డ్రోన్?

అనుమతి లేకుండా అభయారణ్యంలో ఎగరేయకూడదు. గూళ్ల మీదికి గద్ద వచ్చిందనుకుని పక్షులన్నీ లేస్తాయి. పైన చెప్పిన రాయి ఎంత తప్పో ఇదీ అంతే.

అన్ని ఫోటోలూ పొగమంచులో తీసినట్టున్నాయి. ఆ రోజు మంచు లేదే?

చెక్కలు తిన్న చెయ్యి. ఆ వేలు లెన్సు మీద పడింది.

మా ఇంట్లో ఏ ఫోటోలోనూ అమ్మ లేదు. ఎట్లా?

ఎందుకంటే తీసేది అమ్మే, లేదా ఆ సమయానికి పులిహోర పొట్లాలు విప్పుతోంది. దీన్ని నేను చెడిపోయిన ఫోటోల కిందే లెక్కవేస్తాను, చుక్కల గూడబాతు కంటే ముందు. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బండి దిగగానే మొదటి ఫోటో పిల్లలు తీస్తారు, అందులో అత్తమ్మ, నేను, తోడికోడలు ఉండాలి. తలలు తెగినా సరే. మా చిన్నోడు ఐదేళ్లప్పుడు తీసినదాంట్లో మా ముగ్గురి చీర కుచ్చిళ్లు, చెప్పులు, ఒక క్యారియరు ఉన్నాయి. ఎవరి చెప్పులు ఎవరివో మాకు తెలుసు.

చెడిపోయినవన్నీ తీసేస్తే ఫోనులో చోటు మిగులుతుంది కదా?

ఒకే రకంవి ఇరవై ఉంటే పద్దెనిమిది తీసేయండి. రెండు ఉంచండి, తేదీతో సహా. నేను ఏటా నేలపట్టులో అదే వాచ్‌టవర్ మీద, అదే మూల నుంచి ఒక ఫోటో తీస్తాను. పన్నెండు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ పక్షి పక్షిలాగా లేదు. కానీ వరసగా పెడితే చెరువు కనబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు బాగా కురిసిన ఏడు చెట్ల మొదళ్లు మునిగి, కొమ్మల నిండా తెల్లటి నలుసులు. వాన ముఖం చాటేసిన ఏడు మొదళ్లు బయటపడి, చెట్ల మీద అక్కడక్కడా నాలుగు. గూడబాతులకు చేపలు కావాలి, చేపలకు నీళ్లు కావాలి. ఆ సంగతి నాకు మొదట చెప్పింది ఈ చుక్కల ఫోటోలే.

వచ్చే సీజన్‌కు ఎప్పుడు పోదాం?

పక్షులు అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. నవంబరు వానలు తెరిపిచ్చాక, డిసెంబరు, జనవరి మాకు బాగా కుదిరాయి. నెల్లూరులో ఐదింటికల్లా బయల్దేరండి, నాయుడుపేటలో టీ తాగండి, ఎండ ఏటవాలుగా ఉండగానే దొరవారిసత్రం చేరండి. గుడి, టిఫిను తిరిగొచ్చేటప్పుడు చూసుకోవచ్చు. కొట్టొచ్చే రంగుల చొక్కాలు వద్దు. బైనాక్యులర్స్, తువ్వాలు మర్చిపోవద్దు. చెక్కల డబ్బా మూత మీద ఒక పాత నూలుగుడ్డ కట్టి పెట్టండి, లెన్సు తుడవడానికి.